ఆ రోజు ఆదివారం: టైమ్ ట్రావెల్ పిల్లల నవల రాసిన ఇరవై నెలలు

మొన్న ఫిబ్రవరి 7న ఆఖరి ప్రూఫు మీద సంతకం పెట్టి పంపేశాను. మొదటి వాక్యం రాసింది 2024 జూన్ 8న. అంటే ఒక్కరోజు తక్కువ ఇరవై నెలలు. పిల్లల కోసం టైమ్ ట్రావెల్ నవల రాయాలని ఎవరికైనా ఉంటే, మధ్యలో ఏమేం ఎదురవుతాయో తెలుస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రాయడం నా వృత్తి కాదు. ఉద్యోగం చేసుకుంటూ పొద్దున ఐదు నుంచి ఆరున్నర దాకా రాసుకున్నాను. అంతకుముందు ఓ పది చిన్న కథలు రాసి ఉంటాను, అంతే.

కథ టూకీగా చెబుతాను. ఒకే బడిలో వేర్వేరు సంవత్సరాల్లో చదివిన నలుగురు పిల్లలు ఉంటారు. ఆ బడిని మూయించడానికి ఒకాయన కుట్ర పన్నుతాడు. పిల్లలు కాలంలో అటూ ఇటూ తిరుగుతూ, కలిసి ఆ కుట్రను అడ్డుకుంటారు. ఇంతవరకూ నాకు ఒక్క పూటలో తట్టింది. మిగతా ఇరవై నెలలూ అందులోని చిక్కుముళ్ళు విప్పడానికే సరిపోయాయి.

మొదటి చిక్కు పేర్ల దగ్గరే వచ్చింది. పేర్లకు కూడా కాలం ఉంటుందని రాయడం మొదలుపెడితే గానీ తెలియలేదు. ఒక తరంలో వాడకట్టుకు ముగ్గురికి ఉన్న పేరు తర్వాతి తరంలో ఒక్కరికీ ఉండదు. రాబోయే కాలం పిల్లాడికి ఏం పేరు పెట్టాలో ఎంత ఆలోచించినా తోచలేదు. విసిగిపోయి నలుగురినీ క, గ, చ, ప అని రాసుకుంటూ పోయాను. చివరి ప్రతి దాకా అవే ఉన్నాయి కాబట్టి ఇక్కడా అలాగే పిలుస్తాను.

జూన్ నెలంతా కథ జోలికి పెద్దగా పోలేదు, చదువుతూ కూర్చున్నాను. 1949లో గోడెల్ అనే గణిత శాస్త్రవేత్త ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతపు సమీకరణాలకు ఒక సాధన చూపించాడట. ఆ లెక్కలో మనిషి ప్రయాణం చేసి తన గతానికే చేరుకునే దారులు ఉంటాయి. 1971లో హేఫలీ, కీటింగ్ అనే ఇద్దరు సీజియం గడియారాలను, అంటే అతి కచ్చితమైన అణు గడియారాలను, మామూలు ప్రయాణికుల విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. నేల మీది గడియారాలతో పోల్చి చూస్తే తూర్పుగా వెళ్ళినవి 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరగా వెళ్ళినవి 273 నానోసెకన్లు ముందుకెళ్ళాయి. నాకు ఒళ్ళు జలదరించింది. వెంటనే లెక్కల టీచరు పిల్లలకు ఇదంతా వివరిస్తున్నట్టు పదకొండు పేజీల అధ్యాయం రాసిపారేశాను. ఆ పదకొండు పేజీల్లో ఒక్క వాక్యం కూడా ఇప్పుడు పుస్తకంలో లేదు. రాసేటప్పుడు మాత్రం అదే గొప్ప అధ్యాయం అనుకున్నాను.

జులై నుంచి బండి కదిలింది. రోజుకు రెండు పేజీలు, ఒక్కోసారి మూడు. అప్పటి కథలో ‘క’ 2024లో ఏడో తరగతి చదివే అమ్మాయి. స్టోర్‌రూమ్‌లో ఒక యంత్రం దొరికితే అందులో కూర్చుని 1987కు వెళ్తుంది. విలన్ దగ్గర కూడా ఇంకో యంత్రం ఉంటుంది, అతను బడిని బాంబు పెట్టి పేల్చేయాలని చూస్తుంటాడు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అక్టోబరు 20న ‘సమాప్తం’ అని రాసినప్పుడు గదిలో ఒక్కదాన్నే లేచి నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను.

మొత్తం 214 పేజీలు వచ్చింది. ఐదు ప్రతులు తీశాను, వెయ్యి డెబ్భై కాగితాలు. మూడో ప్రతి సగంలో ఉండగా ఇంకు అయిపోయి చివరి పేజీలు బూడిదరంగులో వచ్చాయి. అవే మా అక్క కూతురికి ఇచ్చాను, ఇంటి పిల్లే కదా సర్దుకుంటుందని. మిగతావి దాని స్నేహితురాళ్ళు ఇద్దరికి, పద్నాలుగేళ్ళ అబ్బాయి ఒకడికి, కింది వాటాలోని పదేళ్ళ పిల్లాడికి ఇచ్చాను. పెద్దవాళ్ళెవరికీ ఇవ్వలేదు. పెద్దవాళ్ళు బాగుందంటారు. బాగుందన్న మాట వల్ల రాతలో ఏం మార్చాలో తెలియదు.

నాలుగు వారాలు ఆగమన్నారు. ఆ నాలుగు వారాల టెన్షన్ నా పరీక్షా ఫలితాలప్పుడు కూడా పడలేదు. నవంబరు 17న ఐదుగురూ మా హాల్లో నేల మీద కూర్చున్నారు. నేను నోట్‌బుక్కు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

మా అక్క కూతురే మొదలుపెట్టింది.

“పిన్నీ, వీళ్ళు 1987 నవంబరు 15న క్లాసులోకి వెళ్తే హాజరు పిలుస్తున్నారని రాశావు కదా?”

“అవును.”

“ఆ రోజు ఆదివారం.”

ఫోన్‌లో క్యాలెండరు వెనక్కి జరిపి చూసిందట. చూపించింది. ఆదివారమే. ఆ రోజు మీదే నాలుగు అధ్యాయాలు నడుస్తున్నాయి. నాకు గొంతులో తడి ఆరిపోయింది. నవ్వేసి, “మారుస్తాలే” అన్నాను.

పదేళ్ళవాడు చెయ్యి ఎత్తి మరీ అడిగాడు. “ఆంటీ, ఓడిపోతే మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకోసారి ఆడొచ్చు కదా. ఇంక భయమెందుకు?”

పద్నాలుగేళ్ళవాడికి విలన్ మీద అనుమానం. “అతనికీ టైమ్ మెషీన్ ఉంది కదా. బడి కట్టకముందుకే వెళ్ళి ఆపేస్తే పోయేది. బాంబెందుకు?” ఆ వెంటనే ఇంకొకటి. “భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు ముప్ఫై కిలోమీటర్లు పోతుంటుంది. ఒక్క సెకను వెనక్కి దూకినా ముప్ఫై కిలోమీటర్ల అవతల పడతారు. ముప్ఫై ఏడేళ్ళు దూకి సరిగ్గా స్టోర్‌రూమ్‌లోనే ఎలా దిగారు?”

నేను నీళ్ళు నమిలాను. మొదటి అధ్యాయం బాగుందన్నారు. పదకొండు పేజీల అధ్యాయం గురించి అడిగితే ఐదుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. దాటేశారట. సైన్సు ముక్కల్లో వాళ్ళకు గుర్తున్నది ఒక్కటే. 2009 జూన్ 28న స్టీఫెన్ హాకింగ్ కాలయాత్రికుల కోసం పార్టీ ఇచ్చి, ఆహ్వానాలు మాత్రం పార్టీ అయిపోయాక బయటపెట్టాడు. ఎవరూ రాలేదు. అది చెప్పుకుని పడీ పడీ నవ్వారు. ఆ అరపేజీ పుస్తకంలో ఇప్పటికీ ఉంది.

పిల్లలు వెళ్ళిపోయాక పన్నెండు రోజులు ఫైలు తెరవలేదు. పొద్దున ఐదింటికి మెలకువ వచ్చేసేది, కానీ లేవబుద్ధయ్యేది కాదు. ఈ దశ గురించి నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. కష్టపడి రాసిందంతా వట్టిపోయిందన్న బాధ ఒకటి, పదేళ్ళ పిల్లాడికి తట్టింది నాకెందుకు తట్టలేదన్న చిన్నతనం ఇంకొకటి.

ఆ ఆదివారమే నన్ను మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టింది. డిసెంబరు మొదటి వారంలో ఒక రాత్రి, 15 తీసేసి 16 సోమవారం అని దిద్దుదామని 1987 క్యాలెండరు తెరిచాను. పక్కన వేరే పని కోసం 2015 క్యాలెండరు తెరిచి ఉంది. రెండూ ఒకేలా ఉన్నాయి. జనవరి 1 గురువారం, ఇక్కడా గురువారమే. నవంబరు 16 సోమవారం, అక్కడా సోమవారమే. 1959 చూశాను, గురువారమే. 2043 చూశాను, అదీ గురువారమే. ఇరవై ఎనిమిదేళ్ళకోసారి క్యాలెండరు తిరిగి మొదటికి వస్తుందని స్కూల్లో ఎప్పుడో విన్నదే, ఎప్పుడూ పట్టించుకోలేదు. వారానికి ఏడు రోజులు, నాలుగేళ్ళకోసారి లీపు సంవత్సరం, ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. అంతే లెక్క.

ఆ రాత్రి రెండున్నర దాకా నిద్రపోలేదు. యంత్రాన్ని తీసిపారేశాను. దాని స్థానంలో స్టోర్‌రూమ్ తలుపు వచ్చింది. ఆ తలుపు ఇరవై ఎనిమిదేళ్ళ ఎడంలో ఉన్న సంవత్సరాల మధ్యే తెరుచుకుంటుంది. రెండు వైపులా అదే గోడకు, అదే నేలకు బిగించిన తలుపు కాబట్టి భూమి ఎటు పోతేనేం, తలుపు కూడా దాంతోనే పోతుంది. పద్నాలుగేళ్ళవాడి ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. వాడు ఒప్పుకున్నాడు, పూర్తిగా కాదు గానీ.

ఇక్కడా ఒక మెలిక ఉంది. 1998, 2009 క్యాలెండర్లు కూడా 1987 లాంటివేనని మా అక్క కూతురు వారంలోపే పట్టుకొచ్చింది. అక్కడికెందుకు తెరుచుకోదంటే ఏం చెప్పాలి? ఒక పూట కాగితం మీద లెక్కలు వేశాక దొరికింది. 1988 లీపు సంవత్సరం, 1999 కాదు. అంటే 1987, 1998 ఆ ఏడాదంతా కలిసి నడిచినా, తర్వాతి ఫిబ్రవరి దాటగానే విడిపోతాయి. 1987, 2015 మాత్రం ఆ తర్వాత కూడా అడుగులో అడుగు వేసుకుంటూ పోతాయి. కలిసి నడిచే కాలాల మధ్యే తలుపు. 1900 లీపు సంవత్సరం కాదు కాబట్టి అక్కడ వరస తెగుతుంది. అంతకంటే వెనక్కి తలుపు తెరుచుకోదు. దీంతో రాజుల కాలానికి వెళ్ళే అధ్యాయం రాయాలన్న ఆశ కూడా వదులుకోవాల్సి వచ్చింది. నియమం పెట్టుకున్నాక మనకీ వర్తిస్తుంది కదా.

ఆ క్యాలెండరు నాకు పుస్తకంలో అన్నిటికంటే నచ్చిన సన్నివేశాన్ని ఇచ్చింది. 2015 నవంబరు 16న ‘క’ తలుపు తీసుకుని అవతలికి వస్తుంది. ఎక్కడికో వచ్చానన్న అనుమానమే రాదు. గోడ మీద క్యాలెండరు చూస్తుంది. నవంబరు, 16, సోమవారం. సంవత్సరం అంకె కనిపించకుండా పైన తాళాల గుత్తి వేలాడుతుంటుంది. ఫోన్ తీస్తే అందులోనూ 16, సోమవారమే. సిగ్నల్ లేదు, ఆ గదిలో ఎప్పుడూ ఉండదు. వెళ్ళి తన బెంచీలో కూర్చుంటుంది. ఆ బెంచీ అంచున ఎవరో పాతకాలం వాళ్ళు చెక్కిన అక్షరం ఒకటి ఉంటుంది, పాఠం బోరు కొట్టినప్పుడల్లా బొటనవేలితో దాన్ని తడుముకోవడం ‘క’కి అలవాటు. వేలు అలవాటుగా అక్కడికే పోతుంది. చెక్క నున్నగా ఉంటుంది. ఇంకోసారి తడుముతుంది. అక్షరం లేదు. అప్పుడు తలెత్తి చుట్టూ చూస్తుంది, తెలిసిన మొహం ఒక్కటీ ఉండదు.

ఈ పేజీన్నర రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. మిగతా పుస్తకం ఇంత ఓపిగ్గా రాయలేదని ఒప్పుకోవాలి.

పదేళ్ళవాడి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఓడితే మళ్ళీ ఆడొచ్చు కదా అన్నది. దానికి 1980లలో నోవికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త చెప్పిన సూత్రం పనికొచ్చింది. గతంలోకి వెళ్ళినా జరిగిన దాన్ని మార్చలేరు, అక్కడ ఏం చేసినా అది ముందునుంచీ జరిగిన దాంట్లో భాగమే అవుతుంది. అలా అయితే మళ్ళీ మళ్ళీ ఆడటాలుండవు. బాగానే ఉంది గానీ, ఈసారి పద్నాలుగేళ్ళవాడు పట్టుకున్నాడు. “ఏం చేసినా అదే జరిగేదైతే వాళ్ళు కష్టపడటం దేనికి?”

దీని మీద జనవరి మొత్తం పోయింది. చివరికి తట్టిందేమిటంటే, జరిగింది మారదు సరే, ఏం జరిగిందో పిల్లలకు పూర్తిగా తెలియకూడదు. తెలిసింది ఒక్కటే ఉండాలి. ఆ ఏడాది హాజరు పట్టీ మాయమైంది. ఎందుకు మాయమైంది, ఎవరు తీశారు, తర్వాత ఎక్కడికి పోయిందన్నది ఖాళీ. ఆ ఖాళీలోనే పిల్లల కష్టమంతా పట్టాలి.

దాంతో కుట్ర కూడా మారింది. బాంబు పోయింది. స్థలం ఇచ్చిన దాత రాసిన పత్రంలో ఒక షరతు పెట్టాను. బడి ఏ ఒక్క ఏడాదైనా నడవకపోతే స్థలం వారసులకు తిరిగి వెళ్ళిపోతుంది. 1987లో ఒక పెద్దమనిషి ఆ ఏడాది హాజరు పట్టీని ఎత్తేస్తాడు. తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు కుక్కిన పేనులా ఊరుకుని, 2015లో “ఆ సంవత్సరం బడి నడిచినట్టు రుజువేది?” అంటూ వస్తాడు. అతనికి కాలంలో తిరగడం రాదు. కాగితం తెలుసు, ఓపిక ఉంది. నవ్వుతూ మాట్లాడతాడు. బాంబు పెట్టినవాడికంటే ఇతన్నే చూసి పిల్లలు ఎక్కువ భయపడ్డారని రెండోసారి చదివించినప్పుడు తెలిసింది. ఇంకో లాభం, పిల్లలు తమ చేతనైన పనితోనే అతన్ని ఆపగలరు. ‘గ’ రోజూ హాజరు రెండుసార్లు రాస్తుంది. ఒకటి టీచరు చెప్పినందుకు, ఇంకొకటి దాచడానికి.

ఇక గోడ మీది చార్టు సంగతి. నలుగురు పిల్లలు, నాలుగు కాలాలు. చార్టు అడ్డంగా తేదీలు, నిలువుగా పాత్రలు. గడిలో మాత్రం ‘ఏం జరిగింది’ అని రాసుకుంటే లాభం లేదు. ‘ఈ క్షణానికి ఇతనికి ఏం తెలుసు’ అని రాసుకోవాలి. నేను మొదట జరిగిందే రాసుకున్నాను, రెండు నెలలు దారి తప్పాను. చార్టు మార్చి రాయగానే పెద్ద బొక్క కనబడింది. 1987లో పన్నెండేళ్ళ ‘గ’, 2015 నాటికి నలభై ఏళ్ళ లెక్కల టీచరు, అదే బడిలో. అంటే ఈ కథంతా ఆవిడ చిన్నప్పుడే చూసేసింది. మరి మూడో అధ్యాయంలో స్టోర్‌రూమ్ దగ్గర తిరుగుతోందని ‘క’ను ఏమీ తెలియనట్టు ఎందుకు తిడుతుంది? తల ప్రాణం తోకకొచ్చింది. తిట్టే సీన్ నాకు ఇష్టం, తీయబుద్ధి కాలేదు. చివరికి ఒక్క వాక్యం కలిపాను. తిట్టి వెళ్ళిపోతూ ఆవిడ స్టోర్‌రూమ్ తాళంచెవి టేబుల్ మీద మర్చిపోతుంది. అంతే, ఇంకేమీ చెప్పలేదు.

ఈ మలుపును బయటపెట్టే చోటు మాత్రం తెలుగే ఇచ్చింది. 1987లో ‘క’, ‘గ’ ఇద్దరూ పన్నెండేళ్ళవాళ్ళు, నువ్వంటే నువ్వు అనుకుంటారు, జుట్లు పట్టుకునేంత చనువు. ఒక రోజు ‘గ’ బోర్డు మీద లెక్క చేస్తూ సుద్దముక్కను రెండుగా విరిచి సగం చెవి వెనక పెట్టుకుంటుంది. ‘క’ ఆ పని ఎక్కడ చూసిందో గుర్తొస్తుంది. నోటి వెంట అప్రయత్నంగా “మీరు...” అని వచ్చేస్తుంది, వెంటనే నాలిక కరుచుకుంటుంది. ‘గ’ వెనక్కి తిరిగి, “నన్నేమిటే మీరంటున్నావు?” అని అడుగుతుంది. ఆ తర్వాత ‘క’ ఎంత ప్రయత్నించినా మళ్ళీ నువ్వు అనలేకపోతుంది. ఇంతకంటే వివరంగా రాయాల్సిన అవసరం రాలేదు.

తెలుగు ఇబ్బంది కూడా పెట్టింది. “అతను సోమవారం ఆఫీసు గదిలోకి వస్తాడు” అంటే ప్రతి సోమవారమా, రాబోయే సోమవారమా? మామూలు కథలో సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఈ కథలో సందర్భమే తలకిందులుగా ఉంటుంది. ‘నిన్న’, ‘రేపు’ ఎవరి లెక్కలో అన్నది ఇంకో గొడవ. నేను పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, ఏ అధ్యాయం ఎవరి కళ్ళతో సాగుతుందో వాళ్ళ నిన్న, వాళ్ళ రేపు. సంభాషణల్లో మాత్రం తేదీ. ఆ ‘వస్తాడు’ తికమకను పదో అధ్యాయంలో కావాలనే వదిలేశాను. 1959 పిల్లాడు ‘చ’ ఒక అర్థంలో చెబితే ‘ప’ ఇంకో అర్థంలో తీసుకుని తప్పు రోజున కాపలా కాస్తాడు.

2043 పిల్లాడు ‘ప’ గురించి ఒక్క ముక్క. వాడి కాలం ఎలా ఉంటుందో ఏమీ చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. పిల్లలు గొడవ చేశారు, రోబోలున్నాయా లేదా చెప్పమని. చెప్పలేదు. కాగితం పుస్తకాన్ని వాడు రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని పేజీ తిప్పే తీరు మాత్రం రాశాను.

రెండో ప్రతి 2025 మార్చి 30న పూర్తయింది. ఏప్రిల్ 12న ఒక ప్రచురణ సంస్థకు పంపాను. అందిందని మర్నాడే జవాబొచ్చింది, మూడు నెలల్లో చెబుతామన్నారు. మూడు నెలలు అయ్యాయి. గుర్తు చేస్తూ మర్యాదగా ఒక మెయిల్ రాశాను. ఏమీ లేదు. నాలుగో నెలలో ఫోన్ చేస్తే, “మేడమ్, అది చూసేవారు సెలవులో ఉన్నారు” అన్నారు. రోజూ మెయిల్ పెట్టె తెరిచి చూసుకోవడం ఒక జబ్బులా పట్టుకుంది. ఆగస్టు 29న రెండు వాక్యాలొచ్చాయి. కథ బాగుందట, ప్రస్తుతం తీసుకోలేమట. ఏ పేజీ దాకా చదివారో కూడా తెలియలేదు. నాలుగున్నర నెలలు. మొదటే రెండు మూడు చోట్లకు పంపొచ్చా, ఒకేసారి పంపితే ఒప్పుకుంటారా అని అడిగి ఉండాల్సింది. నేను అడగలేదు, అదేదో అమర్యాద అనుకున్నాను.

సెప్టెంబరు 6న రెండో చోటికి పంపితే ఇరవై మూడు రోజుల్లో ఫోనొచ్చింది. ఎడిటరుగారు నేరుగా చెప్పారు. “తీసుకుంటామండి. కానీ నూట అరవై పేజీలు దాటకూడదు. పిల్లలు లావు పుస్తకం చేతిలోకి తీసుకోరు.” అప్పటికి నా దగ్గర 208 ఉన్నాయి. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. గడియారాల అధ్యాయం అప్పుడే పూర్తిగా పోయింది. అప్పటికే దాన్ని ఆరు పేజీలకు కుదించి, దొంగచాటుగా ఉంచుకున్నాను మరి. ‘చ’ ఇంట్లో జరిగే రెండు అధ్యాయాలు తీసేసినప్పుడు మాత్రం నిజంగా బాధపడ్డాను. 1959 పిల్లాడికి పుస్తకంలో అన్యాయం జరిగింది, ఇప్పటికీ అదే అనుకుంటాను. నవంబరు 22కి 161 పేజీలకు వచ్చింది. ఆ ఒక్క పేజీ వదిలేశారు.

అంతా అయిపోయిందనుకున్నాక ప్రూఫుల దగ్గర అసలు వినోదం మొదలైంది. జనవరి 10న మొదటి ప్రూఫు వచ్చింది. చదువుతుంటే రెండో అధ్యాయంలో 1987 అని ఉండాల్సిన చోట 2015 అని ఉంది. ముందు పేజీలో 2015 నవంబరు 16 సోమవారం, తర్వాతి పేజీలో 1987 నవంబరు 16 సోమవారం. పాపం ప్రూఫ్‌రీడరు గారు అచ్చుతప్పనుకుని దిద్దేశారు. పదిహేడు చోట్ల. ఇంకా ఉంది. ఒకే సన్నివేశం నాలుగో అధ్యాయంలో ‘క’ వైపు నుంచి, పన్నెండో అధ్యాయంలో ‘గ’ వైపు నుంచి వస్తుంది. సంభాషణ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి, పుస్తకం పట్టు అక్కడే ఉంది. పొరపాటున రెండుసార్లు పడిందనుకుని రెండోదాన్ని కొట్టేశారు. ఆయన తప్పేమీ లేదు, నేనే ముందు ఒక కాగితం రాసి ఇవ్వాల్సింది. రెండో ప్రూఫుతోపాటు ఇచ్చాను. ఏయే తేదీలు కావాలనే అలా ఉన్నాయి, ఏయే పేరాలు కావాలనే రెండుసార్లు వస్తాయి, ఎక్కడ ‘మీరు’ను ‘నువ్వు’గా దిద్దకూడదు. ఒకటిన్నర పేజీ వచ్చింది. ఇలాంటి కథ రాసేవాళ్ళు ఆ కాగితాన్ని రాతప్రతితోనే పంపండి.

రెండో ప్రూఫు వచ్చాక పది రోజులు గడువిచ్చారు. నా కళ్ళు అప్పటికి ఆ వాక్యాలను చదవడం మానేశాయి, గుర్తు నుంచి వల్లె వేస్తున్నాయి. అందుకని కింది వాటా పిల్లాడి చెల్లెలికి ఇచ్చాను. దానికి తొమ్మిదేళ్ళు, కథ అస్సలు తెలియదు. అన్నయ్యను చెప్పొద్దని బెదిరించి మరీ ఇచ్చాను.

మర్నాడు సాయంత్రం కాగితాల కట్ట గుండెకు హత్తుకుని తలుపు కొట్టింది. మూడో అధ్యాయం దగ్గర వేలు పెట్టుకుని ఉంది, ఇంకా ముందుకు పోలేదు.

“ఆంటీ, ఈ టీచరు తాళంచెవి మర్చిపోయిందని రాశారు కదా.”

“అవునమ్మా.”

“నిజంగా మర్చిపోలేదు కదా?”

“అక్కడ మర్చిపోయిందనే ఉంది కదా.”

“ఉంది,” అంది. ఒకసారి పేజీ వైపు, ఒకసారి నా మొహం వైపు చూసి, వేలు తీయకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయింది.